రాజ్యం అల్లుడికి కాదు, కూతురికి



కాలేజీ సెమినార్‌కు రుద్రమదేవిని తీసుకున్నానని రాశావు. చాలా సంతోషం. నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. అందులో ముక్కాలు భాగం యుద్ధాలే. పెళ్లి సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశావు: "ఆమెకు నిడదవోలు చాళుక్య వీరభద్రుడితో వివాహమైనది." అసలు కథ ఆ వాక్యం దగ్గరే మొదలవుతుంది తల్లీ.

మన సీమలో ఇల్లటం అల్లుడి పద్ధతి నీకు తెలుసు. మగబిడ్డ లేని ఇంట్లో అల్లుణ్ణి తెచ్చుకుని, కొడుకుతో సమానంగా ఆస్తి అతనికే రాసిచ్చేవాళ్లు. బ్రిటిష్ కాలంలో మద్రాసు కోర్టులు కూడా ఈ ఆచారాన్ని ఒప్పుకున్నాయి. భూమి ఆ ఇంటి ఆడబిడ్డ వల్ల వస్తుంది, పట్టా మాత్రం ఆమె మొగుడి పేర పడుతుంది. ఇది మనసులో పెట్టుకుని రుద్రమ తండ్రి గణపతిదేవుడు చేసిన పని చూడు. కాకతీయ రాజ్యాన్ని 1199 నుంచి అరవై ఏళ్లకు పైగా ఏలినవాడు ఆయన. రాజవంశంలో పుట్టిన అల్లుడు ఉన్నాడు. రాజ్యం అతనికిచ్చి కూతుర్ని పట్టమహిషిని చేసుంటే ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు. ఆయన అలా చేయలేదు. 1260 ప్రాంతం నుంచి కూతుర్నే తనతోపాటు కూర్చోబెట్టి పాలన నడిపించాడు. ఆమెకు రుద్రదేవ మహారాజు అని మగ పేరు పెట్టించాడు. వీరభద్రుడు ఆమెకు భర్తే, రాజ్యానికి మాత్రం రాజు కాలేదు.

మగ పేరు ఎందుకని నీ స్నేహితులు అడుగుతారు. రాజు అనే పదవి మగవాడికే కుదిరినట్టు ఉండేది కాబట్టి, పదవిని మార్చకుండా పేరు మార్చారు. నాకు అందులో బాధా ఉంది, మెచ్చుకోలూ ఉంది. ఆయన ఇంకో కూతురు గణపాంబను చూడు. ధరణికోటను ఏలే కోట బేతరాజుకిచ్చి చేశారు. భర్త పోయాక ఆ సీమను ఆమే ఏలింది, యనమదల శాసనం ఆమెదే. ఒక కూతురికి అధికారం మొగుడి వైపు నుంచి వచ్చింది, ఇంకొకామెకు తండ్రి వైపు నుంచి. మొదటి రకం లోకానికి అలవాటే. రెండోదాన్నే లోకం మింగలేకపోయింది.

ఎంత మింగలేకపోయిందో చూడు. మార్కోపోలో మన తీరం మీదుగా పోతూ మోటుపల్లి రాజ్యం గురించి రాశాడు. అక్కడ ఒక రాణి ఉందనీ, గొప్ప వివేకవంతురాలనీ, రాజైన భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకోకుండా నలభై ఏళ్లు న్యాయంగా ఏలిందనీ అతను చెప్పిన మాట. ఆమె పాలన బాగుందని విన్నాడు, సరే. కానీ ఆడది ఏలుతోందంటే మొగుడి రాజ్యమే అయ్యుండాలని అతనికి చెప్పినవాళ్లు అనుకున్నారు, అతనూ అనుకున్నాడు. మన పాత చరిత్రకారుల్లో కొందరు కూడా ఆమెను గణపతిదేవుడి భార్యగానే లెక్కేశారు! కూతురని నిలబెట్టింది శాసనాలే.

వాటిలో మల్కాపురం శాసనం తప్పకుండా చదువు. శక సంవత్సరం 1183 అని ఉంటుంది, దానికి 78 కలుపుకో, 1261 వస్తుంది. ఇలా కలపడం చేతికి అలవాటు కావాలి. గోళకీ శైవ మఠం గురువు విశ్వేశ్వర శివాచార్యులకు మందడం గ్రామం ఇస్తానని గణపతిదేవుడు మాటిచ్చాడు. ఆ మాటను కూతురు చెల్లించి, వెలగపూడిని కూడా కలిపి ఇచ్చింది. ఆ దానంతో గోళకీ మఠం వాళ్లు బడి, అన్నసత్రం, ఆసుపత్రి, ప్రసూతిశాల నడిపించారు. ఇప్పుడు అమరావతి పేరు చెప్పగానే వినిపించే ఊళ్లే అవి. తండ్రి ఇచ్చిన మాటను తీర్చడం వారసుల పని కదా. ఆ పని ఇక్కడ కూతురు చేసింది.

ఇక శత్రువులు. హరిహరదేవుడు, మురారిదేవుడు అని సవతి సోదరులు తిరగబడ్డారని ప్రతాపచరిత్ర చెబుతుంది. సినిమాల్లో కూడా చూసుంటావు. ఆ పేర్లున్న శాసనం ఒక్కటీ లేదు, కాబట్టి ఆ కథను కథగానే చెప్పు. శాసనాల్లో కనిపించే శత్రువు కాయస్థ అంబదేవుడు. అతనిది మన వైపే, కడప దగ్గరి వల్లూరు. కాకతీయుల కొలువులో పెరిగిన సామంత కుటుంబం. నంద్యాల నుంచి నల్లమల దాటి గిద్దలూరు, మార్కాపురం మీదుగా పోతే త్రిపురాంతకం వస్తుంది. అక్కడ 1290లో అతను వేయించిన శాసనం ఉంది. తన గెలుపులన్నీ వరసగా చెప్పుకుంటాడు గానీ, కాకతీయులు తనకు ప్రభువులన్న మాట ఎత్తడు. రాతి మీద ఒక్క అక్షరం తెగడానికి ఉలి ఎన్ని దెబ్బలు తినాలో రాతి శిల్పుల ఊరు ఆళ్లగడ్డ పిల్లవు, నీకు నేను చెప్పక్కర్లేదు. అంత కష్టపడి చెక్కించాడు కాబట్టి అంతా నిజమే అనుకోవద్దు. కూలి ఎవరిచ్చారో చూడు, ఏ పేరు వదిలేశారో చూడు.

దానికి ఒక్క ఏడాది ముందు, 1289 నవంబరులో వేసిన చందుపట్ల శాసనం రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయారని చెబుతుంది. పుణ్యం కోసం వాళ్ల పేర దానం చేసినవాడు పువ్వుల ముమ్మడి అనే సేవకుడు. అంబదేవుడితో యుద్ధంలోనే పోయారని చాలామంది పండితులు అనుకుంటారు. శాసనంలో ఆ మాట లేదు. నువ్వు కూడా "అనుకుంటారు" అనే రాయి.

ఇదంతా నేను ఇంత పట్టి చెప్పడానికి కారణముంది పాపా. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమలు. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. నాకు అప్పటికే పెళ్లయిపోయింది. అదే ఇంట్లో పుట్టిన మా చెల్లెలికి వాటా వచ్చింది, నాకు రాలేదు. మధ్యలో తేడా ఒక్క తాళిబొట్టు. దేశమంతటికీ పెళ్లి షరతు లేని సమాన హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఇప్పటికీ మనవైపు అన్నదమ్ములు పసుపు కుంకుమ కింద చీర పెట్టి, హక్కు విడుదల పత్రం మీద సంతకం చేయించుకుంటారు. పెళ్లయిన కూతురు పుట్టింటికి వారసురాలా అన్న ప్రశ్నకు గణపతిదేవుడు 13వ శతాబ్దంలోనే అవునని జవాబు చెప్పాడు. అందుకే ఆ పెళ్లి వాక్యాన్ని నువ్వు విప్పి రాయాలంటున్నాను.

పొగడ్తతో మాత్రం ఆపేయకు. రుద్రమకు కొడుకుల్లేరు, కూతుళ్లున్నారు. రాజ్యం పెద్ద కూతురు ముమ్మడమ్మకు రాలేదు. ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని వారసుణ్ణి చేసింది. మన రుద్రవరంలో విడిది చేశాడని అహోబిలం స్థలపురాణం చెప్పే రాజు ఇతనే. కూతురిగా సింహాసనమెక్కిన ఆమె తన కూతుర్ని ఎందుకు దాటేసింది? సామంతుల తిరుగుబాట్లు చూసి మళ్లీ అదే పోరు తన బిడ్డకు వద్దనుకుందని నా ఊహ. నీ ఊహ వేరే కావచ్చు. సెమినార్‌లో సగం సేపు ఈ ప్రశ్నకే ఉంచు, మల్కాపురం, త్రిపురాంతకం, చందుపట్ల శాసనాల పాఠాలు లైబ్రరీలో తీసుకుని పక్కన పెట్టుకుని మాట్లాడు. రాసింది దసరా సెలవులకు వచ్చేటప్పుడు పట్టుకురా, ఇద్దరం కూర్చుని దిద్దుదాం.

మీ జేజి,
ఆళ్లగడ్డ