తుది అక్షరములనుబట్టి ఆంగ్లపదములు

ప్రశ్న: తెనాలిలో చదువుచున్న మా అబ్బాయిని, ‘సి, ఐ, డి, ఇ’ అను అక్షరములతో ముగియు ఆంగ్లపదములను అర్థసహితముగా వ్రాసి తెమ్మన్నారు. నిఘంటువున వీనిని పట్టుకొనుట యెట్లు? – ఒక పాఠకుఁడు, రేపల్లె

జవాబు: 1852లో మదరాసున ముద్రితమైన బ్రౌను నిఘంటువు మొదలుకొని మన చేతికందునవి ప్రాయికముగా పదములను మొదటి అక్షరము ననుసరించి కూర్చినవే యగుటచే, తుదియక్షరములను వానియందు వెదకఁబోవుట వృథాప్రయాసము. ఈ యక్కఱ పూర్వులెఱుఁగనిది కాదు. సంస్కృతమున మేదినీకోశము కాంతములు, ఖాంతములు అని తుదిహల్లునుబట్టియే పదములను వర్గీకరించినది. ఆంగ్లమున జాన్ వాకర్ 1775లో ప్రకటించిన ప్రాసనిఘంటువు ఇట్టిదే.

మీరడిగిన పదములు మీ డెల్టా రైతులకు సుపరిచితములు. 1945లో స్థాపితమైన బాపట్ల వ్యవసాయ కళాశాల విద్యార్థులు నిత్యము చదువు ఇన్సెక్టిసైడ్ కీటకనాశని, ఫంగిసైడ్ శిలీంధ్రనాశని, హెర్బిసైడ్ కలుపునాశని. పెస్టిసైడ్ అనునది చీడపీడలను హరించు మందులన్నింటికిని సామాన్యనామము. వీని తుదనున్నది నఱకుట, చంపుట అను అర్థములుగల లాటిను ధాతువు. నిశ్చయించుట యను అర్థముగల డిసైడ్ సైతము, సంశయమును తెగఁగోయుట యను భావమున, ఆ ధాతువునుండియే పుట్టినది. కాని ఏకకాలమున సంభవించుట యను అర్థముగల కోయిన్సైడ్, అవే అక్షరములతో ముగిసినను, పడుట యను అర్థముగల వేఱొక ధాతువునుండి జనించినది. అక్షరసామ్యమును నమ్మక, ప్రతిపదమునకును వ్యుత్పత్తిని పెద్ద నిఘంటువునఁ జూచి వ్రాసికొనుమని అబ్బాయికిఁ జెప్పుఁడు.