శకుంతలకు సాక్షులు

విశాఖపట్టణ సముద్రతీరమున జాలరిపేట కలదు. తెల్లవాఱకముందే కెరటములపైకి పడవలు త్రోసి, వలలు విసరి జీవించువారు అచటివారు. అట్టి జాలరి యొకడు లేకున్నచో, కాళిదాసుని ‘అభిజ్ఞాన శాకుంతలము’ విషాదముగనే ముగిసియుండెడిది.

మేనక విడిచిపోయిన పసికందును అడవిలో పక్షులు చుట్టుచేరి కాపాడెను. శకుంతములనగా పక్షులు. అందుచేతనే కణ్వమహర్షి ఆమెకు శకుంతల యని పేరిడెను. మాలినీతీరమందలి ఆశ్రమమున లేళ్లును, పూలతీగలును ఆమెకు తోబుట్టువులు. దర్భమొనలచే నోరు గాయపడిన లేడికూనకు ఇంగుదీతైలము రాసి పెంచిన దయామయి ఆమె.

లేడిని తఱుముచు వచ్చిన దుష్యంతుడు, మునులు వారింపగా బాణమును ఉపసంహరించెను. శకుంతలను చూచి వలచెను. కణ్వుడు లేని వేళ గాంధర్వవిధిని వారి వివాహము జరిగెను. బంధువులు లేరు, మంగళవాద్యములు లేవు. గుర్తుగా రాజు తన పేరు చెక్కిన ఉంగరమిచ్చి వెడలెను. పతిచింతలో మునిగిన శకుంతల అతిథియైన దుర్వాసుని పిలుపు వినలేదు. ఆ ముని శాపమున రాజు ఆమెను మఱచెను. ఉంగరము శచీతీర్థమున జాఱిపోయెను.

నిండుసభలో ఆమెకు చూపుటకు ఉంగరము లేదు. అపుడామె లేడికూన సంగతి చెప్పెను: అది రాజు చేతి నీరు త్రాగక, తన చేతినుండియే త్రాగెను. రాజు నమ్మలేదు. అడవి సాక్ష్యము సభలో చెల్లలేదు.

పిమ్మట ఒక జాలరికి దొరికిన రోహితమను చేప కడుపున ఆ ఉంగరము బయటపడెను. భటులు అతనిని దొంగయని కట్టి తెచ్చి, వృత్తిని హేళన చేసిరి. పుట్టుకతో వచ్చిన వృత్తిని నిందకు వెఱచి విడువరాదని అతడు బదులు చెప్పెను. ఉంగరము చూడగనే రాజునకు జ్ఞాపకము వచ్చెను. జాలరి బహుమానమందెను. తుదకు మారీచాశ్రమమున, సింహపుకూన పండ్లు లెక్కింపబూనిన తన కుమారుని చూచి, రాజు శకుంతలను చేరుకొనెను.

నన్నయ భారతమున ఈ ఉంగరము లేదు. అశరీరవాణి శకుంతల పక్షమున పలికెను. కాళిదాసు ఆకాశవాణికి మాఱుగా ఒక చేపను, ఒక పేదవానిని సాక్షులుగా నిలిపెను.

విద్యార్థులారా! శకుంతలయు జాలరియు నిజమే చెప్పిరి. ఒకరు అడవినుండి, ఒకరు ఏటినుండి వచ్చుటచే వారి మాట మొదట ఎవరును నమ్మలేదు. ఎదుటివారి వేషమునుగాక మాటను తూచువాడే న్యాయమెఱిగినవాడు.