పాల వ్యానులో ఇంజను దీపం ఎందుకు వెలుగుతుంది, ఎందుకు ఆరుతుంది?

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు ఈ మధ్య మాకు ఒక ప్రశ్న తరచు ఎదురవుతున్నది. పాల వ్యానులో స్పీడు మీటరు పక్కన ఇంజను బొమ్మ గల పసుపు దీపం నిన్న వెలిగింది, నేడు ఆరిపోయింది, బండి బాగుపడినట్లేనా అని. ఇది డ్రైవరు సంగతి, మనకెందుకు అనుకోరాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన కర్నూలు, కడప సీమలో బండి దారిలో నిలిచిపోతే క్యాన్లలోని పాలు పులుస్తాయి. ఆ నష్టం చివరకు ఉత్పత్తిదారుని బిల్లులోనే తేలుతుంది.

తాళం తిప్పగానే ఈ దీపం వెలిగి, ఇంజను స్టార్టు కాగానే ఆరిపోవలెను. దీపం పనిచేయుచున్నదనుటకు అది గుర్తు. తాళం తిప్పినా వెలగకపోతే అదీ అనుమానించవలసిన విషయమే. బండి నడుస్తుండగా వెలిగితే మాత్రం, గాలి, డీజిలు, వేడి, పొగ మొదలగువాటిని కొలిచే సెన్సార్లలో ఏదో ఒకటి తేడా చూపుతున్నదని ఇంజను కంప్యూటరు చెబుతున్నట్లు.

మన టెస్టరు ఒక్కపూట వెన్న శాతం తగ్గగానే సభ్యుని తప్పుపట్టడు, మరుసటి పూట మళ్ళీ చూస్తాడు. ఈ కంప్యూటరూ అంతే. చాలా లోపాలను వరుసగా రెండు ప్రయాణాలలో చూచిన తరువాతనే దీపం వెలిగిస్తుంది. ఆపైన సాధారణంగా మూడు ప్రయాణాలు వరుసగా లోపం కనబడకపోతే ఆర్పివేస్తుంది. దీపం ఆరినా లోపం నంబరు కొంతకాలం దాని జ్ఞాపకంలో ఉంటుంది. మెకానిక్కు స్కానరు తగిలించి దానిని చదవగలడు. కొందరు డ్రైవర్లు బ్యాటరీ వైరు పీకి దీపం ఆర్పుతారు. రిజిస్టరులో పేజీ చించివేయడం వంటిది ఆ పని.

వదులైన వైరు, ఎలుక కొరికిన వైరు గతుకులో ఒకసారి తగులుతుంది, ఒకసారి వీడుతుంది, దీపమూ అట్లే. బేతంచెర్ల వైపు నాపరాయి దుమ్ములో తిరిగే బండ్ల ఎయిర్ ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. ఇక 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.6 నిబంధన ప్రకారం వచ్చిన చాలా డీజిలు బండ్లలో పొగమసిని పట్టే జల్లెడ ఉన్నది. ఆ మసి కాలిపోవాలంటే పొగగొట్టం సుమారు 600 డిగ్రీల వేడి ఎక్కవలెను. ఊరూరా ఆగుతూ నిదానంగా పోయే పాలబండికి అంత వేడి ఎక్కడిది? మసి నిండి దీపం వెలుగుతుంది, బండి లాగడం మానుతుంది. కొన్ని బండ్లలో దీనికి వేరే దీపం కూడా ఉంటుంది. అదే బండి మైదుకూరు నుండి కడపకు పెద్దరోడ్డు మీద ఆగకుండా పోతే మసి కాలి దీపం ఆరవచ్చును. రూటు వేసేటప్పుడు ఈ సంగతి ఎవరూ తలచరు, తలచవలెనని మా అభిప్రాయం.

పసుపు దీపం నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా లాగుతూ ఉంటే పాలు ముందు శీతల కేంద్రానికి చేర్చి, ఆనాడే మెకానిక్కుకు చూపించవలెను. దీపం మినుకుమినుకుమంటున్నా, బండి కుదుపుతున్నా, లాగకపోయినా ముందుకు తోలరాదు. ఆయిలు లేదా వేడి సూచించే ఎర్రదీపం వెలిగితే వెంటనే ఇంజను ఆపవలెను. అప్పుడు క్యాన్లను నీడకు చేర్చి, తడి గోనెలు కప్పి, దగ్గరలోని బల్కు కూలరు గల సంఘానికి ఫోను చేసి వేరే బండి పిలవవలెను.

కార్యదర్శులు దీపం వెలిగిన తేదీ, వేళ, బండి నంబరు ట్రక్ షీటుపై వ్రాసి డ్రైవరు సంతకం తీసుకొనవలెను. పాలు తిరస్కరించబడిన రోజున రవాణా కాంట్రాక్టరుతో మాట్లాడుటకు సంఘం చేతిలో ఉండే కాగితం అదే.