ముందు అర్థం, ఆ తర్వాతే స్పెల్లింగ్

'టు, ది ప్రిన్సిపల్' అని దరఖాస్తు మొదలుపెట్టి, ఆ ప్రిన్సిపల్ చివర ఎల్-ఈ పెట్టారనుకోండి. కాలేజీ పెద్దకు రాసిన ఉత్తరం కాస్తా 'గౌరవనీయులైన సూత్రం గారికి' అన్నట్టు తయారవుతుంది. కింద మీరు ఎంత న్యాయమైన విన్నపం చేసుకున్నా, చదివేవారి చూపు ముందు ఆ తప్పు మీదే పడుతుంది. టెన్సులు, వాయిసులు, ప్రిపోజిషన్ల కోసం నెలల తరబడి కోచింగు తీసుకునేవాళ్లు కూడా ఇలాంటి మాటల కోసం రోజుకు పది నిమిషాలు కేటాయించరు. నష్టమంతా అక్కడే జరుగుతోందని నా అభిప్రాయం.

వినడానికి ఒకేలా ఉండి, రాతలోనూ అర్థంలోనూ వేరైన ఈ మాటలను హోమోఫోన్లు అంటారు. పాత పాలమూరు జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న విడివడిన జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల యువతను దృష్టిలో పెట్టుకునే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పొలం పనుల ఇంటి నుంచో, మగ్గం ఉన్న ఇంటి నుంచో, అడవి అంచు గూడెం నుంచో వచ్చి, తమ ఇంట్లో మొట్టమొదటిసారి ఇంగ్లిష్‌లో దరఖాస్తు రాస్తున్నవాళ్లు ఇక్కడ చాలామంది. తెలివి తక్కువై వాళ్లకు ఈ తప్పులు రావడం లేదు. తెలుగు బాగా అబ్బినందుకే వస్తున్నాయి.

అదెలాగంటే, అక్షరాలు దిద్దిన నాటి నుంచి మనకున్న అలవాటు విన్నది విన్నట్టు రాయడం. 'చెరువు' అని వింటే 'చెరువు' అనే రాస్తాం, రెండో ఆలోచన ఉండదు. డిక్టేషన్‌లో చెవి చురుగ్గా ఉన్న పిల్లలకే మంచి మార్కులు. ఆ చెవినే నమ్ముకుని ఇంగ్లిష్‌లో అడుగుపెడితే బోల్తా పడతాం. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం పెట్టాక ఇంగ్లిష్ స్పెల్లింగులు మెల్లగా స్థిరపడుతూ వచ్చాయి. అదే కాలంలో దీర్ఘాల ఉచ్చారణ మాత్రం బాగా మారిపోయింది. యోధుడు అనే అర్థంలో వచ్చే 'నైట్' ముందున్న 'కె'ని ఒకప్పుడు నిజంగానే పలికేవారు. మాంసం అనే 'మీట్', కలుసుకోవడం అనే 'మీట్' ఒకప్పుడు వేరువేరుగా వినిపించేవి. పలకడంలో తేడా పోయింది, రాతలో నిలిచిపోయింది. ఈ స్పెల్లింగులు ఎవరో మనల్ని ఏడిపించడానికి పెట్టినవి కావని, వాటికో చరిత్ర ఉందని తెలిస్తే సగం విసుగు తగ్గుతుంది.

మరి చెవి పనికిరానిచోట ఏది ఆదుకుంటుంది? మీ తెలుగే. పెన్ను ఆ మాట దగ్గరికి రాగానే దాని అర్థం తెలుగులో అనుకోండి. ఇంగ్లిష్‌లో ఒకేలా వినిపించే మాటలు తెలుగులోకి రాగానే విడిపోతాయి. 'దెయిర్' అనే ధ్వనికి ఇంగ్లిష్‌లో మూడు రాతలున్నాయి. తెలుగులో ఒకటి 'అక్కడ', ఒకటి 'వాళ్ల', ఇంకొకటి 'వాళ్లు'. 'అక్కడ' అనబోయి 'వాళ్ల' అనే తెలుగువాళ్లు ఎవరూ ఉండరు. 'అక్కడ' అయితే టి పక్కన హెచ్-ఈ-ఆర్-ఈ, అంటే 'ఇక్కడ' అనే 'హియర్' మొత్తం అందులోనే ఉంటుంది. 'వాళ్ల' అయితే టి పక్కన హెచ్-ఈ-ఐ-ఆర్, అంటే వారసుడు. సొత్తు ఎవరిదో చెప్పే మాటలో వారసుడు ఉండటం సబబే కదా. మూడోది 'దే ఆర్' అనే రెండు మాటల కుదింపు, దానికి అపాస్ట్రఫీ తప్పదు. 'ఇట్స్' దగ్గరా ఇదే పద్ధతి: 'దాని' అనే అర్థమైతే అపాస్ట్రఫీ వద్దు, 'అది ఫలానా' అని చెబుతుంటే కావాలి. 'యువర్' అంటే 'మీ' అయితే వై-ఓ-యు-ఆర్, 'మీరు ఫలానా' అయితే అపాస్ట్రఫీ, చివర ఆర్-ఈ.

ప్రిన్సిపల్ సంగతి కూడా తెలుగే తేలుస్తుంది. బ్యాంకు లోను కాగితాల్లో అసలు, వడ్డీ అని వేరువేరుగా చూపిస్తారు. ఆ అసలును కూడా ప్రిన్సిపల్ అనే అంటారు, దాని చివర కూడా ఏ-ఎల్. కాలేజీలో అసలు పెద్ద, అప్పులో అసలు మొత్తం. అసలులో 'అ' ఉంది, ఇక్కడ 'ఏ' ఉంది. సూత్రమో నియమమో అయితే 'రూల్' చివర ఎల్-ఈ ఉన్నట్టే దీనికీ ఎల్-ఈ. పుస్తకంలో దొరికే కొండగుర్తుల కన్నా ఇలా మీరు సొంతంగా పెట్టుకున్నవే ఎక్కువ కాలం నిలుస్తాయి.

వాటికి కావలసిన సరుకు మీ ఊళ్లోనే ఉంది. గద్వాల చీర చూడండి. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు, జరీ. ఆ అంచు 'బోర్డర్', బి-ఓ-ఆర్-డి-ఈ-ఆర్. అటు రాయచూరు వైపు, ఇటు కర్నూలు వైపు ఉన్న సరిహద్దుకూ అదే మాట. ఓ పక్కన ఒక 'ఏ' చేరిందా, గురుకులం హాస్టల్లో ఉండి చదువుకునే విద్యార్థి అవుతాడు. ఇక రంగుల దగ్గర దొర్లే తప్పు మరీ ఇబ్బందికరం. నూలుకు రంగు వేసే 'డైయింగ్'లో వై తర్వాత ఈ ఉంటుంది. అది ఎగిరిపోతే 'చనిపోతున్న' అనే అర్థం వస్తుంది. చేనేత సంఘం తరఫున రుణం కోసం ప్రాజెక్టు రిపోర్టు రాస్తూ 'యార్న్ డైయింగ్ యూనిట్' అన్నచోట ఆ ఈని మరిచిపోతే, చచ్చిపోతున్న నూలు కోసం డబ్బు అడిగినట్టుంటుంది. రంగు అనే 'డై' డి-వై-ఈ. గద్వాల చీరకు వేసింది పక్కా రంగు కాబట్టి వెలిసిపోదు, చివర ఎన్ని అక్షరాలు చేరినా ఆ ఈ కూడా పోదు అని గుర్తు పెట్టుకోండి.

వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లో 1959లో మొదలైన పాలిటెక్నిక్ ఉంది. అక్కడ సివిల్ చదివేవాళ్లకు రోజూ తగిలే మాట 'సైట్'. కట్టడం లేచే చోటు ఎస్-ఐ-టి-ఈ. చూపు అయితే మధ్యలో జి-హెచ్ పడుతుంది, 'లైట్'లో పడినట్టే. వెలుతురు ఉంటేనే కదా చూపు ఆనేది. ఒకరి మాటను ఆధారంగా చూపడం సి-ఐ-టి-ఈ. 44వ నంబరు జాతీయ రహదారి వెంట కొత్తకోట, పెబ్బేరు దగ్గర ప్లాట్ల బోర్డులు రాయించేవాళ్లకూ చోటు అనే ఆ 'సైట్'తో పని ఉంది. దాని పక్కనే వచ్చే 'సేల్' చివర ఎల్-ఈ ఉండాలి. ఎల్ ముందు ఐ పడితే అది తెరచాప.

ఇంగ్లిష్ మనకెక్కడిదని ముడుచుకుపోయేవాళ్లకు ఒక మాట. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలకు దేశమంతటా పేరున్న ఓరియంట్ లాంగ్‌మన్ సంస్థకు ఒకప్పుడు ఛైర్మన్‌గా ఉన్న జె. రామేశ్వర్‌రావు వనపర్తి సంస్థానం రాజా వారే. ఆయన భార్య శాంతా రామేశ్వర్‌రావు హైదరాబాద్‌లో విద్యారణ్య స్కూలు స్థాపించారు, పిల్లల కోసం ఇంగ్లిష్‌లో పుస్తకాలు రాశారు. రాజావారి ప్యాలెస్‌లో ఈరోజు సామాన్యుల పిల్లలు డిప్లొమాలు చదువుతున్నారు. ఆ భాష మీద వాళ్లకూ అంతే హక్కుంది.

నాగర్‌కర్నూల్ వాళ్లకు నల్లమల ఉంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో తిరిగే ఎలుగుబంటి 'బేర్', బి-ఈ-ఏ-ఆర్. భరించడానికీ అదే స్పెల్లింగు. ఖర్చు నేనే భరిస్తాను అన్నా, కాస్త ఓపిక పట్టండి అన్నా ఎలుగుబంటి స్పెల్లింగే రాయాలి. బి-ఏ-ఆర్-ఈ అని రాశారా, ఒంటి మీద ఏమీ లేకపోవడం అని అర్థం. ఆఫీసు మెయిల్‌లో ఓపిక పట్టమని అడగబోయి ఇది రాస్తే సభ్యతే దెబ్బతింటుంది. 'డియర్ సర్'లోని డియర్ ఈ-ఏ, అడవిలోని జింక డబుల్ ఈ. వడ్ల కొనుగోలు కేంద్రంలో సన్నరకం, దొడ్డురకం అంటారు చూడండి, ఆ దొడ్డు 'కోర్స్'లో ఓ పక్కన ఏ ఉంటుంది, మీరు చదివే కోర్సులో ఓ పక్కన యు.

ఇంగ్లిష్ వాళ్లు రాసిన పుస్తకాల్లో పెద్దగా కనిపించని చిక్కు ఇంకొకటి ఉంది. వాళ్లు వేరుగా పలికే మాటలు కొన్ని మన నోట్లో పడి జతలవుతాయి. వి, డబ్ల్యు రెండూ మనకు 'వ'యే, అందుకే పడమటి దిక్కూ బనియనూ రెండూ 'వెస్ట్' అవుతాయి. జెడ్ ధ్వని తెలుగులో లేదు. దాన్ని 'జ' అనో 'స' అనో సర్దుకుంటాం. అందుకే సలహా, సలహా ఇవ్వడం అనే రెండు మాటలూ 'అడ్వైజ్' అయిపోతాయి. సలహా అయితే సి, ఇవ్వడం అనే క్రియ అయితే ఎస్. వదులు చొక్కాను మనం 'లూజు' అంటాం. ఇంగ్లిష్‌లో వదులు 'లూస్', పోగొట్టుకోవడం 'లూజ్'. వదులుగా ఉన్నదానిలో రెండు ఓలు పడతాయి, పోగొట్టుకున్నదానిలో ఒక ఓ పోయింది. 'ఎఫెక్ట్ అయింది' అనేది మన నోట అన్నింటికీ వాడే మాట. వాన పంటను దెబ్బతీసింది అనే క్రియకు మొదట ఏ, వాన ప్రభావం అనే నామవాచకానికి మొదట ఈ. 'పర్సనల్' అంటే వ్యక్తిగతం, ఒకే ఎన్. సిబ్బంది అయితే ఒక్కరు కాదు కాబట్టి రెండు ఎన్‌లు, చివర ఈ-ఎల్. ఈ పేరాలోని జతలనే ముందుగా సాధన చేయమని నా సలహా. మన రాతల్లో ఎక్కువగా దెబ్బకొట్టేవి ఇవే.

అమెరికాలో ఏటా జరిగే స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీలో 2012లో స్నిగ్ధ నందిపాటి, 2024లో బృహత్ సోమ గెలిచారు. చివరి పోరులో బృహత్ 90 సెకన్లలో 29 మాటలకు తప్పు లేకుండా స్పెల్లింగులు చెప్పాడు. ఇదంతా బట్టీ బలమని చాలామంది అనుకుంటారు. ఆ పోటీలో మామూలు రౌండ్లను ఒకసారి యూట్యూబ్‌లో చూడండి. మాట వినగానే పిల్లలు అక్షరాలు చెప్పేయరు. అర్థం ఏమిటని అడుగుతారు. ఏ భాష నుంచి వచ్చిందని అడుగుతారు. వాక్యంలో పెట్టి చెప్పమంటారు. ప్రపంచంలో అందరికన్నా చురుకైన చెవులున్న పిల్లలే అర్థం తెలుసుకోకుండా నోరు విప్పరు. మనం మాత్రం విన్న వెంటనే ఎందుకు రాసేయాలి?

ఫోన్ దిద్దుతుందిలే అని ధీమాగా ఉండకండి. అసలు లేని మాట రాస్తే ఎర్రగీత పడుతుంది. ఉన్న మాటనే తప్పుచోట రాస్తే చాలాసార్లు అది కిమ్మనదు. పైగా పరీక్ష హాల్లోకి ఫోన్ రాదు. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ 150 మార్కుల పేపరు, పదో తరగతి స్థాయి. ఆ మార్కులు ర్యాంకులో కలవవు కానీ అందులో అర్హత రాకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా ప్రయోజనం లేదు. స్టాఫ్ సెలెక్షన్ పరీక్షల్లోనూ స్పెల్లింగుల మీద, హోమోనిమ్‌ల మీద, అంటే ఒకేలా ఉండి అర్థం వేరైన మాటల మీద నేరుగా ప్రశ్నలుంటాయి.

సాధనకు పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ఒక నోటుబుక్కు తీసుకుని పేజీకి ఒక జత రాయండి. ఎడమవైపు తెలుగు అర్థం, కుడివైపు స్పెల్లింగు, కింద మీ బతుకులోంచి ఒక వాక్యం. 'రాముడు బడికి వెళ్లెను' లాంటివి వద్దు. మీ నాన్న అమ్మిన వడ్లు, మీ అక్క నేసిన చీర, మీరు ఎక్కే బస్సు రూటు అందులో ఉండాలి. వారానికోసారి ఎవరినైనా తెలుగు అర్థం చదవమని, మీరు స్పెల్లింగు రాయండి. ఇంగ్లిష్ మాట చదివించుకుంటే మళ్లీ చెవి మీదే ఆధారపడతారు, కాబట్టి తెలుగే చదివించుకోండి. బస్టాండు దగ్గర పెన్నులు, కాగితాలు అమ్మే దుకాణం బోర్డు చూడండి. కాగితం అనే 'పేపర్'లో ఈ-ఆర్ ఉన్నట్టే ఆ 'స్టేషనరీ'లోనూ ఈ-ఆర్ ఉండాలి. ఏ-ఆర్ ఉంటే కదలకుండా ఆగిపోయింది అని అర్థం, ఆగి ఉన్న 'కార్'లో లాగా. తప్పు కనిపిస్తే నవ్వి పోకండి. లోపలికి వెళ్లి మర్యాదగా చెప్పండి. పెయింటర్‌కు అది రెండు నిమిషాల పని.

చివరగా ఇంట్లో పెద్దవాళ్లకు, బడిలో సార్లకు, టీచరమ్మలకు ఒక విన్నపం. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పిల్లలకు రెండు భాషల్లో అచ్చయిన పుస్తకాలు ఇస్తున్నారు, ఒక పేజీలో ఇంగ్లిష్, దాని పక్క పేజీలో తెలుగు. తెలుగు చూస్తే ఇంగ్లిష్ రాదనే భయంతో కొందరు ఆ పేజీని పిల్లలతో చదివించడమే లేదు. దయచేసి అలా చేయకండి. రెండు పేజీలూ పక్కపక్కనే పెట్టి చదివించండి.