అదనపు గుండె స్పందనలు – పై గదులకు జరిగే చేటు

“గుండె ఒక్క క్షణం ఆగినట్టయి, మళ్లీ దబ్బుమని కొట్టుకుంది.” పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు చేసేవారు ఈ మాట అని, నిద్ర చాలక, టీ ఎక్కువై అనుకుని మళ్లీ డ్యూటీకి పోతుంటారు. చాలామంది విషయంలో అది నిజమే. కొందరి విషయంలో మాత్రం కాదు. ఆ కొందరిని సకాలంలో గుర్తించడానికి మన దానం ఎలా పనికొస్తుందో చూద్దాం.

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ప్రతి స్పందనకూ ఆజ్ఞ కుడి పై గదిలోని చిన్న కణాల గుంపు నుంచి వస్తుంది. వేరేచోటి నుంచి ఆజ్ఞ ముందుగానే వస్తే దాన్ని అదనపు స్పందన అంటారు. ఆరోగ్యవంతుల్లోనూ రోజుకు కొన్ని వస్తాయి. వాటికి భయపడనక్కర్లేదు.

అవి వేలల్లో వస్తే సంగతి వేరు. ముందుగా వచ్చిన స్పందనలో పై గది ఒక్కోసారి కవాటం మూసి ఉండగానే ముడుచుకుంటుంది. రక్తం ముందుకు పోలేక ఊపిరితిత్తుల సిరల వైపు వెనక్కి నెడుతుంది. ఇలా ఏళ్ల తరబడి సాగితే ఎడమ పై గది సాగి, గోడలో మచ్చ కణజాలం పెరగవచ్చు. బీపీ, కవాట జబ్బు వల్ల ముందే సాగిన గదిలోనూ అదనపు స్పందనలు పుడతాయి. అంటే ఇవి ఒక్కోసారి కారణం, ఒక్కోసారి హెచ్చరిక.

రక్తం కుడివైపు నుంచి ఊపిరితిత్తుల మీదుగా ఎడమవైపు చేరుతుందని 13వ శతాబ్దంలోనే రాసిన వైద్యుడు డమాస్కస్‌కు చెందిన ఇబ్న్ అల్ నఫీస్. ఆ దారిలోని సిరల మొదళ్లలో పుట్టే అదనపు స్పందనలే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను రగిలిస్తాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు చూపారు. ఈ స్థితిలో పై గది ముడుచుకోదు, వణుకుతుంది. నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం. ఆ ముప్పు మామూలు కంటే సుమారు 5 రెట్లు. పై గదుల నుంచి గంటకు 30కి మించి అదనపు స్పందనలు వచ్చేవారిలో ఈ జబ్బు, పక్షవాతం ఎక్కువని 2010లో వెలువడిన కోపెన్‌హాగన్ అధ్యయనం తెలిపింది.

మామూలు ఈసీజీ కొన్ని సెకన్లే చూస్తుంది. అందులో ఏమీ దొరక్కపోవచ్చు. 24 గంటలు ఒంటిమీద ఉండే హోల్టర్ యంత్రం ప్రతి స్పందననూ లెక్కిస్తుంది. ఎకోతో గది సైజు తెలుస్తుంది. బీపీ, థైరాయిడ్, లవణాల పరీక్షలూ అవసరమే. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 65 దాటిన పెద్దలకు ఇంట్లోనే నాడి పట్టి చూడండి. లయ తప్పుతుంటే డాక్టరుకు చూపించండి.

నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో ఈఎస్ఐలో నమోదైన కార్మికులకు రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. కార్డు లేని రోజుకూలీ, ఆటో డ్రైవర్, ఇళ్లలో పనిచేసే తల్లి ఒకరోజు పరీక్షకూ వెనకాడతారు. ఆపరేషన్ అంటే దాతలు ముందుకొస్తారు, అల్లాహ్ వారికి మేలు చేయుగాక. కానీ పక్షవాతం వచ్చాక ఖర్చు పెట్టడం కన్నా రాకముందు హోల్టర్ ఖర్చు భరించడం తేలిక. డాక్టరు రక్తం పలుచన చేసే మందు రాస్తే అది తరచు జీవితాంతం వాడాల్సిందే. కాబట్టి ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా నెలనెలా ఆగకుండా అందే చిన్న సదఖా ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది.

రంజాన్‌లో ఉపవాసం ఉండేవారు నెల ముందే డాక్టరును కలిసి, సహర్, ఇఫ్తార్‌లకు తగ్గట్టు మందుల వేళలు అడగాలి. సొంతంగా మానేయకూడదు. మీకు తెలిసిన ఇంట్లో దడ అంటున్నవారు ఉంటే ఈ పేజీ చదివి వినిపించండి, పరీక్షకు తోడు వెళ్లండి. అదీ దానమే.