చేతికి బరువు కాని లోహశోధకము



గత వేసవి తొలి దినములలో మా పాఠశాల విద్యార్థిని ఒకతె తల్లిగారు, కోవిల్పట్టికి సమీపమున నున్న తమ మిరపచేనిలో పండ్లు కోయుచుండగా, మంగళసూత్రపు త్రాడు తెగి బంగారు గుండు ఒకటి నేలపాలయ్యెను. మన నల్లరేగడి నేల ఎండకు నెఱ్ఱెలు విచ్చునని మీరెఱుగుదురు. ఈ కరిసల్ నేలను తమిళ సాహిత్యమున నిలిపిన కి. రాజనారాయణన్ గారును ఇక్కడి ఇడైచెవల్ గ్రామమున తెలుగింట పుట్టినవారే. అట్టి నెఱ్ఱెలో పడిన వస్తువు కంటికి కనబడదు, చేతికి అందదు.

ఆ తల్లి మమ్ములను సాయమడిగిరి. మధురలోని పరిచితుని వద్ద నుండి ఒక పాత లోహశోధకమును ఎరువు తెచ్చి, మేమును మా ఉపాధ్యాయు లిద్దఱును ఒక సాయంకాలమంతయు వెదకితిమి. గుండు దొరకలేదు. మఱునాటి ఉదయమున విరుదునగరము నుండి మా పూర్వవిద్యార్థి యొకడు తన తేలిక యంత్రముతో వచ్చెను. మేము వెదకి ముగించితిమనుకొన్న సాలులోనే, బెత్తెడు లోతున, అరగంటలో దానిని కనుగొనెను. మా యంత్రము చెడినదేమో యని అనుమానించి, ఆ గుండునే అదే లోతున ఉంచి పాత యంత్రముతో చూచితిమి. అదియును చక్కగా మ్రోగెను! లోపము యంత్రమున లేదు. అలసిన మా చేతియందున్నది.

ఆ పిమ్మట మా పాఠశాల విజ్ఞాన మండలికి ఒక లోహశోధకము కొనవలెనని తల్లిదండ్రుల సభలో మాట వచ్చినది. సంఘపు ధనము మీ అందఱి ధనము. కావున ఎట్టిది కొనవలెనో ఈ వ్యాసమున విన్నవించుచున్నాము.

యంత్రము పని చేయు విధము

లోహమును తమిళమున ‘ఉలోగం’ అందురు. రెండు భాషలు వినుచు పెరుగు మన పిల్లలకు ఈ మాట క్రొత్త కాదు. నీట్ పరీక్షకు పోయినవారు ద్వారము వద్ద చూచిన చిన్న చేతికఱ్ఱయు ఈ జాతి పరికరమే.

నేలను వెదకు యంత్రమున పొడవైన కడ్డీ చివర పళ్లెము వంటి చక్రముండును. దానిలోని రాగితీగ చుట్టలో మాఱుచుండు విద్యుత్తును ప్రవహింపజేసినచో చుట్టును మాఱుచుండు అయస్కాంత క్షేత్రము పుట్టును. అట్టి క్షేత్రము లోహమున విద్యుత్తును పుట్టించునని 1831లో మైకేల్ ఫారడే నిరూపించెను. నేలలోని లోహమున అట్లు పుట్టిన సుడిప్రవాహములు తమ వంతు చిన్న క్షేత్రమును వెలువరించును. చక్రము దానిని గ్రహించగా మన చెవికి ధ్వని వినిపించును.

1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ శరీరములోని తుపాకి గుండును వెదకుటకు టెలిఫోను నిర్మాత గ్రాహమ్ బెల్ ఈ సూత్రముతోనే పరికరము చేసెను గాని, గుండు దొరకలేదు. రెండవ ప్రపంచ యుద్ధమున పోలెండు దేశపు సైనికాధికారి కొసాట్‌స్కీ మందుపాతరలను వెదకు యంత్రమును రూపొందించెను. 1942లో ఎల్ అలమైన్ ఎడారిలో దానిని వాడిరి. దాని బరువు సుమారు 14 కిలోగ్రాములు. నేటి సామాన్య యంత్రములు చాల వఱకు ఒకటి మొదలు ఒకటిన్నర కిలోగ్రాముల లోపల నున్నవి. మైన్‌ల్యాబ్ సంస్థవారి ఈక్వినాక్స్ 800 బరువు 1.34 కిలోగ్రాములు. ముడి బంగారమును వెదకుటకు అదే సంస్థ చేసిన జీపీఎక్స్ 5000, బ్యాటరీ గాక 2.4 కిలోగ్రాములు.

చేయి అలసినచో చూపు తగ్గును

లోహము చక్రమునకు దూరమగు కొలది ధ్వని మిక్కిలి వేగముగా క్షీణించును. చిన్న వస్తువు చక్రపు వెడల్పును మించిన దూరమున ఉన్నప్పుడు, ఆ దూరము రెట్టింపైనచో సంకేతము సుమారు 64వ వంతునకు పడిపోవును. దగ్గఱ దూరములలో ఇంత తీవ్రత లేకున్నను క్షీణత తప్పదు.

ఇపుడు అలసిన మనుష్యుని చూడుడు. మొదట చక్రమును నేలకు రెండు వ్రేళ్ల ఎత్తున, సమముగా, మెల్లగా త్రిప్పును. అరగంట గడచిన పిదప భుజము లాగును. అతడు గడియారపు లోలకము వలె ఊపసాగును. చక్రము మధ్యలో నేలను తాకి ఇరుకొనలను జానెడు పైకి లేచును. పని త్వరగా ముగింపవలెనని అడుగులు పెద్దవి వేయును; ఒక ఊపునకు మఱియొక ఊపునకు నడుమ వెదకని నేల మిగిలిపోవును. మా వలన జరిగిన తప్పు సరిగా ఇదియే. కావున తేలికదనము సుఖము కొఱకు మాత్రమే కాదు, పని సరిగా జరుగుటకును అవసరము.

బరువు వేఱు, భారము వేఱు

అంగడివారు చెప్పు తూనిక బరువును మాత్రమే నమ్మరాదు. ఆ బరువు చేతికి ఎంత దూరమున నున్నదో చూడవలెను. ఇది పిల్లలు తరగతిలో చదువు తులాదండ సూత్రమే. ఒక లెక్క చేయుదము.

చక్రము 500 గ్రాములు, పిడికి 80 సెంటీమీటర్ల ముందున నున్నదనుకొందము. 500ను 80తో గుణింపగా 40,000 వచ్చును. ఇది మణికట్టును క్రిందికి లాగు భారము. 400 గ్రాముల బ్యాటరీ పెట్టె పిడి వద్దనే ఉన్నచో ఈ భారమేమియు తగ్గదు. అదే పెట్టెను పిడికి 40 సెంటీమీటర్ల వెనుక, మోచేతి క్రింద అమర్చినచో 400ను 40తో గుణింపగా 16,000 ఎదురుగా నిలుచును, మిగులునది 24,000. మొత్తము బరువులో ఒక గ్రామైనను తగ్గలేదు. మణికట్టు భారము మాత్రము నూటికి నలువది పాళ్లు తగ్గినది.

కొనునపుడు చూడవలసినవి

1. యంత్రమును పూర్తిగా బిగించి, బ్యాటరీలు వేసి, పిడి క్రింద రెండు వ్రేళ్లుంచి ఎత్తుడు. ముందుభాగము దబ్బున పడినచో అది చేతిని త్వరగా అలయించును.

2. అంగడిలో కనీసము పదునైదు నిమిషములు ఊపి చూడుడు. రెండు నిమిషములకు ఏ యంత్రమైనను తేలికగానే తోచును.

3. పెద్ద చక్రము పెద్ద వస్తువులను ఎక్కువ లోతున పట్టును గాని బరువెక్కువ. ఉంగరము, గుండు వంటి చిన్న వస్తువులకు చిన్న చక్రమే మేలు. మార్చుకొన వీలుగా నున్నచో మఱియు మంచిది.

4. కడ్డీ పొడవు సవరించుటకు వీలుండవలెను. నడుము వంచక నిలువుగా నిలిచినపుడు చక్రము నేలకు సమముగా నుండవలెను. పదునాలుగేండ్ల బాలికకును ఆఱడుగుల ఉపాధ్యాయునకును ఒకే పొడవు పనికిరాదు.

5. ముంజేతిని ఆనించు దొప్పయు పట్టీయు గట్టిగా నుండవలెను. అవి వదులైనచో పిడిని ఎక్కువ బలముతో పట్టవలసి వచ్చి వ్రేళ్లు తిమ్మిరెక్కును.

6. కడ్డీ క్రిందిభాగము కార్బన్ నారతో చేసినదైన మంచిది. కొనయందు తగ్గిన బరువే ఎక్కువ మేలు చేయును.

7. నేల స్వభావమును బట్టి సవరించు సౌకర్యము తప్పక ఉండవలెను. ఇనుప ఖనిజము కలిసిన నేల తానే ధ్వనించును. ఆ వ్యర్థపు మ్రోతలు చేతికన్న ముందు చెవిని అలయించును.

భారీ యంత్రము తప్పనిచో భుజముల మీదుగా కట్టు సాగుత్రాడు పట్టీ వాడవలెను. ఎట్టి యంత్రమునకైనను ఇరువది నిమిషముల కొకసారి చేయి మార్చుట, ఉదయపు చల్లని వేళ వెదకుట మేలు. పిండి కొలది రొట్టె యన్నట్లు, ధర తక్కువ యంత్రము లోతు కొంత తక్కువ పట్టవచ్చును. ఐనను తూకము కుదిరిన సామాన్య యంత్రము, ఎత్తలేక మూల నుంచిన గొప్ప యంత్రముకన్న ఉపయోగకరము.

వెదకుటకు హద్దు కలదు

మ్రోగినదంతయు బంగారము కాదు. దొరకినదంతయు మనది కాదు. 1878 నాటి భారత నిధి చట్టము ప్రకారము, నేలలో దాగియున్న పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరకినచో కలెక్టరుగారికి వ్రాతమూలకముగా తెలుపవలెను. మన విరుదునగరము జిల్లాలోని వెంబకోట్టైలో 2022 నుండి రాష్ట్ర పురావస్తు శాఖవారు త్రవ్వకములు జరిపిరి. అచట దొరకిన శంఖపు గాజులు, మట్టి బొమ్మలు ఏ శోధకమునకును వినిపించునవి కావు. బంగారపు ఆశతో పాత దిబ్బలను త్రవ్వువాడు అట్టి వానిని పగులగొట్టి, మన పూర్వుల చరిత్రను చెఱచినవాడగును. మా విజ్ఞాన మండలి యంత్రము పాఠశాల ఆవరణమునను, యజమాని పిలిచిన చేలయందును మాత్రమే మ్రోగవలెనని మా నిశ్చయము.

ఇంటివద్ద చేయదగిన అభ్యాసము

ఒక లీటరు నీటి సీసాను మీ బాలుడు మొదట చేయి ఱొమ్మునకు దగ్గఱగా మడచి, పిదప ముందునకు చాచి పట్టవలెను. ఎన్ని నిమిషములు పట్టగలిగెనో రెండు మారులును వ్రాసికొనుడు. సీసా బరువు మాఱలేదు. మాఱినది యేమియో బాలుని తన మాటలలో తెలుగున చెప్పుమనుడు. పుస్తకపు సంచిని వెన్నునకు అంటునట్లు ఏల బిగింపవలెనో అతడే మీకు చెప్పగలడు.

యంత్రము కొను దినమున తల్లిదండ్రులును అంగడికి రావలెనని మా ప్రార్థన. గుండు పోగొట్టుకొన్న ఆ తల్లి ముందుగానే వచ్చెదనని చెప్పియున్నారు. మొదట ఎత్తి చూడవలసినది వారి చేయియే.