సంఘం పెడుతున్నారట కదా

ఉప్పల్

మేనల్లుడికి,

ఉప్పల్, నాచారం ఆప్టికల్స్ షాపులవాళ్ళంతా కలిసి సంఘం పెట్టుకుంటున్నారనీ, నిన్ను కార్యదర్శిగా ఉండమంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన తీర్మానాల కాగితం చూశాను. ఫలానా రేటుకు తక్కువ ఎవరూ అమ్మకూడదన్నది మొదటిది. రింగురోడ్డు దగ్గర ఇంకో పెద్ద బ్రాండు షోరూమ్ రాకుండా అడ్డుకోవాలన్నది రెండోది. మూడోది ఎమ్మెల్యేగారికి సన్మానం. పదవి తీసుకో, నేను వద్దనను. ఆ కాగితం మాత్రం చింపెయ్.

రేట్లు కట్టడి చేయడం 2002 కాంపిటీషన్ చట్టం ప్రకారం నేరుగా తప్పు. మందుల షాపులవాళ్ళ గొడవ నీకు తెలియనిది కాదు. కొత్త స్టాకిస్టుకు సరుకు ఇవ్వాలంటే తమ అనుమతి కాగితం ఉండాల్సిందేనని పట్టుబట్టినందుకు వాళ్ళ అఖిల భారత సంఘానికి 2013లో కాంపిటీషన్ కమిషన్ జరిమానా వేసింది. అంత పెద్ద సంఘానికే జరిమానా పడింది, మీరెంత? ఇక షోరూమ్‌ల మాట. తుక్కుగూడ ఫ్యాబ్ సిటీలో 1,500 కోట్లతో ఫ్యాక్టరీ పెడతామని లెన్స్‌కార్ట్ 2024 డిసెంబరులో మన తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. నాచారంలో మీరు టీ తాగుతూ చేసిన తీర్మానానికి అది ఆగదు.

మరి సంఘం దేనికి? మన షాపు గడప దాటి వెళ్ళే ప్రతి కళ్ళజోడుకూ పూచీ పడటానికి. అంతకు మించి పెద్ద పని నాకు కనిపించదు.

ఒక లెక్క చెప్తాను. ఒకమ్మాయికి రెండు కళ్ళకూ మైనస్ ఆరు. కంటిపాపల మధ్య దూరం, అదే పీడీ, 58 మిల్లీమీటర్లు. షాపులో కుర్రాడు కొలవలేదు, ఫ్రేము చూసి ఉజ్జాయింపుగా 62కి పెట్టి కోయించాడు. ఒక్కో కంటికి రెండు మిల్లీమీటర్ల తేడా. సెంటీమీటర్లలోకి మార్చి పవర్‌తో గుణిస్తే కంటికి 1.2 ప్రిజం (కాంతిని పక్కకు వంచే గుణం), రెండూ కలిపి 2.4. డాక్టరు చీటీలో లేని ప్రిజాన్ని మనం ఉచితంగా వేసి పంపామన్నమాట. ఆ పిల్ల సాయంత్రానికి తలనొప్పంటుంది. ఇంట్లోవాళ్ళు ఫోన్ వల్లేనంటారు, డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్తారు, అక్కడ పవర్ సరిగ్గానే ఉందంటారు. తప్పు ఎక్కడుందో కనిపెట్టేవాడే ఉండడు, ఎందుకంటే లెన్సోమీటరు కింద పెట్టి చుక్క వేసి సెంటర్లు కొలిచినవాడు లేడు.

దూరానికీ దగ్గరకూ ఒకే అద్దంలో పవర్ ఉండే ప్రోగ్రెసివ్ లెన్సుల్లో ఈ గొడవ ఇంకా ఎక్కువ. మనిషి ఎదురుగా, ఆయన కళ్ళకు సమానమైన ఎత్తులో కూర్చుని, ఫ్రేము ముక్కు మీద సరిగ్గా ఆనేట్టు ముందు సర్ది, డమ్మీ లెన్సు మీద కంటిపాప ఎదుట పెన్నుతో చుక్క పెట్టాలి. ఫ్రేము సర్దకముందే చుక్క పెడితే ఆ కొలతకు అర్థం లేదు. ఈ పని నిలబడి, వంగి, బేరమాడుతూ చేసేవాళ్ళను నువ్వూ చూశావు. తర్వాత కస్టమరు మెట్లు దిగలేకపోతున్నానంటే "అలవాటవుతుంది సార్" అంటారు. సంఘం పెట్టగానే నిషేధించాల్సిన మాట ఏదైనా ఉంటే ఇదే.

మన వృత్తిలో సంఘాల చరిత్ర చిన్నదేమీ కాదు. లండన్‌లో కళ్ళద్దాలు చేసేవాళ్ళ సంఘానికి 1629లోనే మొదటి చార్లెస్ రాజు చార్టర్ ఇచ్చాడు. 1671లో ఒక దుకాణంలో దొరికిన నాసిరకం కళ్ళజోళ్ళను వాళ్ళు లండన్ స్టోన్ అనే రాయి మీద పెట్టి సుత్తితో ముక్కలు చేయించారు. (మనం ఉప్పల్ చౌరస్తాలో అలా చేస్తే పోలీసులు ముందు మనల్నే తీసుకుపోతారు.) ఆ దేశంలో 1958లో చట్టం వచ్చి జనరల్ ఆప్టికల్ కౌన్సిల్ ఏర్పడింది. చీటీ ప్రకారం అద్దాలు కొలిచి బిగించే డిస్పెన్సింగ్ ఆప్టీషియన్ అనిపించుకోవాలంటే దాని దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. పదహారేళ్ళలోపు పిల్లలకు కళ్ళజోడు ఇవ్వాలంటే అలా నమోదైనవాళ్ళు గానీ, వాళ్ళ పర్యవేక్షణలో గానీ ఇవ్వాలి. 1986లో ఏర్పడిన డిస్పెన్సింగ్ ఆప్టీషియన్ల సంఘం పరీక్షలు పెడుతుంది, పాఠాలు చెప్తుంది.

మన దగ్గర 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ఆప్టోమెట్రిస్టు అందులో ఉన్నాడు. కౌంటర్ వెనక కూర్చుని పీడీ కొలిచే మనకు ప్రత్యేకంగా చోటు లేదు. రేపు ఎవరైనా మనల్ని కూడా చట్టంలోకి తెద్దామని కూర్చుంటే, "మా పద్ధతి ఇది, మా శిక్షణ ఇది" అని చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. సన్మానం ఫోటోలు అక్కడ పనికిరావు.

చిన్న పనులు కూడా ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి కళ్ళజోళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగినప్పుడు పాత స్టాకును ఏం చేయాలో, బిల్లు ఎలా రాయాలో అందరూ విడివిడిగా ఆడిటర్ల చుట్టూ తిరిగారు. సంఘం ఒక్క పేజీ రాసి పంచితే తీరేది. ఇంకోటి, నాచారం ఇండస్ట్రియల్ ఏరియా నీ షాపుకు కూతవేటు దూరం. గ్రైండింగ్ దగ్గర పనిచేసేవాడికి తెర గానీ తగిన గాగుల్స్ గానీ ఉండాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ చెప్పేది. పవర్ ఉన్నవాడు మామూలు కళ్ళజోడు మీద ఆ గాగుల్స్ పెట్టుకోలేక తీసి పక్కన పడేస్తాడు. అలాంటివాళ్ళకు పాలికార్బొనేట్ లెన్సుతో పవర్ ఉన్న సేఫ్టీ గాగుల్స్ చేసిస్తామని యజమానుల దగ్గరికి ఒక్కడివే వెళ్తే సేల్స్‌మన్ అనుకుంటారు. సంఘం తరఫున నలుగురు వెళ్తే కూర్చోబెట్టి వింటారు. వ్యాపారం కూడా వస్తుంది, అందులో సిగ్గు పడాల్సిందేమీ లేదు.

ఫిర్యాదుల సంగతి నువ్వే దగ్గరుండి చూడు. కస్టమరు వస్తే ముగ్గురు సభ్యులు కళ్ళజోడు తీసుకుని, ఎవరి షాపుదో చూడకుండా చీటీతో పోల్చి కొలవాలి. తేడా ఉంటే ఆ షాపు మళ్ళీ చేసివ్వాలి. ఇది ఒప్పుకోనివాడికి సభ్యత్వం వద్దు. కొంతమంది మొదటి నెలలోనే వెళ్ళిపోతారు, పోనీ. రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు చాలు, 2001 సొసైటీల చట్టం అంతే అడుగుతుంది.

చివరగా ఒకటి. మీ సంఘం నిబంధనల ముసాయిదాలో సభ్యత్వం షాపు ఓనర్లకే అని ఉంది. అది మార్చు. మన ఓనర్లలో సగం మంది గల్లా దగ్గర కూర్చుంటారు. కొలిచేదీ, కోసేదీ, బిగించేదీ జీతానికి ఉన్న కుర్రాళ్ళు. వాళ్ళకు చందా సగం పెట్టు, ఓటు మాత్రం పూర్తిగా ఇవ్వు. శిక్షణ క్లాసు ఉన్న పూట జీతం కోయకూడదని కూడా రాయించు, లేకపోతే ఒక్కడూ రాడు.

మీ మామయ్య